సిమిలిపాల్ అడవి చరిత్ర

చెన్నై నుండి హౌరా వెళ్లే మనవారు బాలాసోర్ దాటగానే బుఢాబలంగ నది వంతెన మీదుగా పోతారు. 1915లో విప్లవవీరుడు బాఘా జతీన్ తుదిపోరు సల్పినది ఆ నదికి చేరువనే. ఆ నీటి పుట్టినిల్లు మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవి.

ఒడియాలో సిమిలి అనగా బూరుగు చెట్టు. ఆ ఎర్రని పూల వల్లనే కొండలకు ఈ పేరు వచ్చినదంటారు. అయితే అడవిలో హెచ్చుగా ఉన్నది సాల వృక్షమే. శిఖరాలలో ఖైరిబురు ఎత్తు 1178 మీటర్లు. బరేహిపానీ వద్ద బుఢాబలంగ 399 మీటర్ల ఎత్తునుండి రెండంచెలుగా లోయలోకి దూకుతుంది. జోరండా జలపాతం సుమారు 150 మీటర్లు.

పూర్వం ఇది భంజ్ రాజుల వేటభూమి. 1905లో రూప్సా నుండి బారిపదాకు సంస్థానంవారి చిన్నరైలు నడిచింది. 1920లో అది తాల్‌బంద్ దాకా సాగి, అడవి కలపకు దారి అయింది. రైలుపట్టాల కింద పరిచే స్లీపర్లకు సాల కర్ర పేరుపొందినదని రైల్వేవారికి వేరే చెప్పనక్కరలేదు. 1949లో సంస్థానం ఒడిశాలో విలీనమైంది. 1973లో పులుల సంరక్షణకు దేశంలో మొదట ఎన్నుకొన్న తొమ్మిది అడవులలో ఇదొకటి. 2009లో యునెస్కో జీవావరణ జాబితాలో చేరింది. 2025లో 845 చదరపు కిలోమీటర్లకు పైబడిన భాగం జాతీయ ఉద్యానమైంది.

1974లో ఖైరీ నది ఒడ్డున దొరికిన ఆడ పులిపిల్లను అటవీ అధికారి సరోజ్‌రాజ్ చౌధురి ఇంట పెంచి దేశమంతటా ప్రసిద్ధం చేశారు. ఆ కూనను తెచ్చి ఇచ్చినవారు ఖడియా గిరిజనులు. తేనె తీయుట వారి వృత్తి. మంకిడియాలు మన విస్తళ్ల అడ్డతీగ నారతోనే తాళ్లు పేనుతారు. పులికి చోటు విడువవలసి వచ్చినది ఇటువంటి అడవి బిడ్డలే. 2010లో జెనాబిల్ గ్రామస్థులను అడవి వెలుపలికి తరలించారు.

పులి బ్రతకాలి, జలపాతం ఎండరాదు. కాని ఆ రక్షణకు మూల్యం చెల్లించినవారిని చరిత్ర మరువరాదు. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచిన పెద్దల సంతానం మనం. ఊరు విడుచుట ఎటువంటిదో మనకు ఒకరు చెప్పవలెనా?

వానకాలంలో అడవి మూసివేస్తారు. చలికాలంలో పిల్లలను తీసుకొనిపోయి జలపాతాలు చూపండి. తాళ్లు పేనే చేతులను గూర్చియు వారికి చెప్పండి.