రోటెన్‌బుర్గా, న్యూరెంబర్గా?

బవేరియా రాష్ట్రంలో ఉత్తర భాగాన్ని ఫ్రాంకోనియా అంటారు. జర్మనీ చూడడానికి మనదేశం నుంచి వచ్చేవాళ్ళకు ఈ ప్రాంతంలో గడపడానికి సాధారణంగా ఒక్క రోజే మిగులుతుంది. ఆ రోజును రోటెన్‌బుర్గ్ అనే చిన్న ఊరికి ఇవ్వాలా, న్యూరెంబర్గ్ నగరానికి ఇవ్వాలా అన్నది ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళకు తరచూ ఎదురయ్యే ప్రశ్న. టావ్‌బెర్ నది లోయకు పైన గట్టు మీదుంది రోటెన్‌బుర్గ్. జనాభా పదకొండు వేలకు అటూ ఇటూ. ఊరి చుట్టూ కోటగోడ, గోడ మీద పైకప్పున్న నడకదారి, లోపల కర్ర దూలాల చట్రంలో గోడలు నింపి కట్టిన ఇళ్ళు, రాళ్ళు పరచిన సందులు. న్యూరెంబర్గ్ ఐదు లక్షలు దాటిన జనంతో, ఫ్యాక్టరీలతో, మెట్రో రైళ్ళతో నడిచే పారిశ్రామిక నగరం. ఫొటోలు చూసి నిర్ణయించుకునేవాళ్ళు మొదటిదాన్నే ఎంచుకుంటారు. అందం మాటకొస్తే నా ఓటూ దానికే. కానీ వచ్చినవాళ్ళు కోరుకునేది చరిత్ర అయితే ముందు చూడాల్సింది న్యూరెంబర్గ్ అని నా గట్టి అభిప్రాయం. ఈ మధ్యయుగపు అందాన్ని ఎవరు కాపాడారు, ఎందుకు కాపాడారు, దాని పేరు చెప్పి ఏమేం చేశారు అన్నది తెలుసుకోకుండా కళ్ళారా చూసి వెళ్ళిపోతే జర్మనీ చరిత్రలో సగం కూడా అందదు.

ముందు చిన్న ఊరి గొప్పతనం చెప్పుకోవాలి. 1274లో, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లో, హాబ్స్‌బర్గ్ వంశపు రాజు రుడాల్ఫ్ రోటెన్‌బుర్గ్‌కు స్వతంత్ర నగర హోదా ఇచ్చాడు. ఇక ఆ ఊరు చక్రవర్తికి తప్ప మరే జమీందారుకూ, బిషప్పుకూ జవాబు చెప్పాల్సిన పనిలేదు. సొంత న్యాయస్థానం, సొంత పన్నులు, చుట్టూ వందకు పైగా పల్లెల మీద అధికారం. 14వ శతాబ్దం చివర్లో హైన్‌రిఖ్ టొప్లర్ అనే మేయర్ చేతిలో అది చిన్నపాటి రాజ్యంగా ఎదిగింది. ఆయనే 1408లో ఆ ఊరి చెరసాలలోనే చనిపోయాడు. సెయింట్ యాకోబ్ చర్చిలో టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1501 తర్వాత నాలుగేళ్ళు చెక్కిన కొయ్య వేదిక ఉంది. క్రీస్తు చివరి విందు చెక్కిన ఆ వేదిక ఒక్కదాని కోసం ఎంత దూరమైనా రావచ్చు. ఆ శిల్పం ముందు నిలబడినవారికి రోటెన్‌బుర్గ్ బొమ్మల ఊరని ఎవరైనా తీసిపారేస్తే కోపం రావడం న్యాయమే.

అయితే ఊరు అలా ఎందుకు నిలిచిపోయిందన్నది అసలు ప్రశ్న. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో రోటెన్‌బుర్గ్ పదేపదే సైన్యాల పాలైంది, ఖజానా ఖాళీ అయింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత అక్కడ తక్కువ. 1802లో స్వతంత్రం పోయి బవేరియాలో కలిసింది. రైలు 1873లో గానీ రాలేదు, వచ్చింది కూడా ఒక శాఖా మార్గమే. మిగతా జర్మనీ బొగ్గుతో, ఇనుముతో మారిపోతుంటే, పేదరికం వల్ల మారకుండా ఉండిపోయిన ఈ ఊరిని చిత్రకారులు కనిపెట్టారు, వాళ్ళ వెనక యాత్రికులు వచ్చారు. ఊరివాళ్ళు తమ పాతదనమే తమ జీవనాధారమని గ్రహించి దాన్ని పోషించడం మొదలుపెట్టారు. 1631లో సేనాని టిల్లీ ఊరిని నాశనం చేయబోతే, నూష్ అనే మాజీ మేయరు మూడుంబావు లీటర్ల వైను ఒక్క గుక్కలో తాగి కాపాడాడన్న కథ ఉంది. దాన్ని నాటకంగా మొదటిసారి ఆడింది 1881లో. ఆనాటి పత్రాల్లో ఆధారం లేని ఆ కథను నేటికీ ఏటా పెంటెకోస్ట్ పండగకు ప్రదర్శిస్తారు. రోటెన్‌బుర్గ్ మీదుగా పోయే ‘రొమాంటిక్ రోడ్’ అనే యాత్రామార్గాన్ని 1950లో పర్యాటకం పెంచడానికి రూపొందించారు. దీనిలో మోసమేమీ లేదు. కాకపోతే ఇప్పుడు మనం చూస్తున్నది మధ్యయుగంతో పాటు, మధ్యయుగం ఇలా ఉండాలని 19వ శతాబ్దం చేసుకున్న ఎంపిక కూడా.

న్యూరెంబర్గ్ మధ్యయుగం దీనికి పూర్తిగా భిన్నం. 1356 నాటి ‘గోల్డెన్ బుల్’ శాసనం ప్రకారం ఎన్నికైన ప్రతి కొత్త రాజూ తన మొదటి సభను ఇక్కడే జరపాలి. కిరీటం, రాజదండం, ఖడ్గం వంటి సామ్రాజ్య చిహ్నాలు 1424 నుంచి 1796 దాకా ఈ నగరం కాపలాలోనే ఉన్నాయి. రాజకీయ ప్రతిష్ఠ కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ ఊరికి లోకంతో ఉన్న సంబంధం. ఇప్పుడు మిగిలివున్న భూగోళాల్లో అతి పాతది మార్టిన్ బెహైమ్ 1492లో ఇక్కడ చేయించినది. అందులో అమెరికా లేదు, ఎందుకంటే కొలంబస్ వార్త ఇంకా యూరప్ చేరలేదు. 1505లో అల్మేడా నాయకత్వాన పోర్చుగీసు నౌకలు మిరియాల కోసం మన పశ్చిమ తీరానికి బయలుదేరినప్పుడు పెట్టుబడి పెట్టిన జర్మన్ వర్తకుల్లో న్యూరెంబర్గ్ వాళ్ళున్నారు. గుజరాత్ సుల్తాను పంపిన ఖడ్గమృగం 1515లో లిస్బన్ చేరితే, దాన్ని కంటితో చూడకుండానే, వచ్చిన ఉత్తరాన్నీ గీతనూ ఆధారం చేసుకొని ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ ఈ ఊళ్ళోనే కొయ్యచెక్క ముద్రణలో బొమ్మ వేశాడు. రెండు వందల ఏళ్ళకు పైగా యూరప్‌కు తెలిసిన ఖడ్గమృగం అదే. అప్పుడు విజయనగరాన్ని కృష్ణదేవరాయలు ఏలుతున్నాడు. సూర్యుడు కేంద్రంగా భూమి తిరుగుతోందన్న కోపర్నికస్ గ్రంథం 1543లో అచ్చయింది కూడా న్యూరెంబర్గ్‌లోనే. మధ్యయుగం ముగిసి ఆధునిక కాలం మొదలవడాన్ని ఒక ఊళ్ళో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు ఈ దేశంలో నాకు తెలియదు.

ఆ వైభవం కింద ఏముందో కూడా ఇక్కడే కనబడుతుంది. క్రిస్మస్ సంత జరిగే హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకు ఒకప్పుడు యూదుల పేట. 1349 డిసెంబరులో రాజు నాలుగో చార్లెస్ అనుమతితో ఆ పేటను కూల్చారు. అప్పుడు చంపబడిన యూదుల సంఖ్య 562 అని మధ్యయుగపు స్మారక జాబితా చెబుతుంది. వాళ్ళ ప్రార్థనాలయం ఉన్న చోటే ఫ్రౌవెన్‌కిర్షె చర్చి లేచింది. రోటెన్‌బుర్గ్ చరిత్ర కూడా దీనికి తక్కువేమీ కాదు. యూదు ధర్మశాస్త్రంలో తన కాలానికి తిరుగులేని పండితుడు రబ్బీ మెయిర్ అక్కడే బోధించాడు. 1286లో రాజు ఆయన్ని ఖైదు చేసి పెద్ద మొత్తం అడిగితే, రేపు ప్రతి రబ్బీనీ ఇలాగే పట్టుకుంటారని విడుదల సొమ్ము కట్టనివ్వకుండా 1293లో చెరలోనే కన్నుమూశాడు. 1298లో ఆ ఊళ్ళో వందలాది మంది యూదులను ఊచకోత కోశారు. అక్కడ ‘యూదుల వీధి’ ఇప్పటికీ ఉంది. కానీ అందమైన కిటికీల మధ్య దాన్ని వెతుక్కునే యాత్రికులు తక్కువ.

నా వాదనకు అసలైన ఆధారం 1930లలో ఉంది. నాజీలకు పాత ఊళ్ళంటే మహా ఇష్టం. రోటెన్‌బుర్గ్‌ను అచ్చమైన జర్మన్ ఊరుకు నమూనాగా చూపించి, కార్మికులను ప్రత్యేక యాత్రల మీద అక్కడికి తీసుకెళ్ళారు. 1938 అక్టోబరులో ఆ నమూనా ఊరి నుంచి మిగిలిన యూదులందరినీ వెళ్ళగొట్టారు. న్యూరెంబర్గ్‌ను చక్రవర్తుల నగరమన్న పేరు కోసం కూడా పార్టీ మహాసభలకు వేదిక చేసుకున్నారు. 1935 సెప్టెంబరులో యూదుల పౌరసత్వాన్ని లాగేసిన చట్టాలు ఆ సభల్లోనే ప్రకటించారు. 1938లో ఆస్ట్రియాను కలుపుకోగానే వియన్నా నుంచి సామ్రాజ్య చిహ్నాలను ఇక్కడికి తెప్పించారు. అదే ఏడాది ఆగస్టులో నగరంలోని ప్రధాన యూదు ప్రార్థనాలయాన్ని నాజీ నాయకుడు యూలియస్ ష్ట్రైఖర్ బహిరంగంగా కూల్పించాడు. అందుకు చెప్పిన కారణం, అది పాత జర్మన్ నగరం అందాన్ని పాడుచేస్తోందని. వారసత్వ సౌందర్యం పేరు చెప్పి పొరుగువాణ్ణి తుడిచేయవచ్చని ఈ ఒక్క ఉదంతం చెబుతుంది. పాత ఊళ్ళ అందాన్ని మనసారా ప్రేమించేవాళ్ళం కాబట్టే మనం దీన్ని తెలుసుకోవాలి.

దీనికొక బలమైన అభ్యంతరం ఉంది. 1945 జనవరి 2 రాత్రి బ్రిటిష్ బాంబర్లు న్యూరెంబర్గ్ పాత నగరంలో దాదాపు తొంభై శాతాన్ని నేలమట్టం చేశాయి. ఇప్పుడు కనిపించేది చాలావరకు యుద్ధానంతర నిర్మాణమే, అసలు మధ్యయుగం రోటెన్‌బుర్గ్‌లోనే కదా అంటారు. ఇది సగం నిజం. 1945 మార్చి 31న రోటెన్‌బుర్గ్ మీదా బాంబులు పడ్డాయి. తూర్పు భాగంలో సుమారు 300 ఇళ్ళు, వందల మీటర్ల కోటగోడ పోయాయి. మిగిలింది కూడా పోకుండా కాపాడినవారిలో అమెరికా యుద్ధశాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్లాయ్ ఒకరు. ఆయన తల్లికి ఆ ఊరంటే ఇష్టమని తెలిసి, ఫిరంగులు వాడవద్దని సైన్యానికి చెప్పాడు. గోడను ప్రపంచం నలుమూలల దాతలు మీటర్ల లెక్కన డబ్బిచ్చి తిరిగి కట్టించారు. రెండూ తిరిగి కట్టినవే అయితే తేడా దేనిలో? రోటెన్‌బుర్గ్ గాయం కనబడకుండా కట్టింది. న్యూరెంబర్గ్ పాత వీధుల తీరునూ వాలు కప్పులనూ ఇసుకరాయినీ నిలబెట్టుకొని, వాటి మధ్య ఇళ్ళను కొత్తవని తెలిసేలా సాదాగా కట్టుకుంది. రాయి రంగు మారిన చోట ఆగి చూస్తే ఎక్కడిదాకా పాతదో, ఎక్కడినుంచి కొత్తదో మీకే తెలుస్తుంది. కట్టినవాళ్ళు దాచకపోవడమే నాకు నచ్చిన సంగతి.

సెలవుల్లో కుటుంబంతో వచ్చి నాజీల చోట్లు చూడమంటావా అనేవాళ్ళూ ఉంటారు. పిల్లలున్నవాళ్ళ ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. చిన్న ఊరిని రెండు గంటల్లో కాలినడకన పూర్తిగా చుట్టిరావడంలో ఒక చదువుంది, గోడ ఎక్కి చూస్తే మధ్యయుగపు నగరమంటే ఎంతటిదో ఏ పుస్తకమూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది. ఒప్పుకుంటాను. కానీ న్యూరెంబర్గ్ చూపించేది నేరాన్ని మాత్రమే కాదు. 1945 నవంబరు 20 నుంచి 1946 అక్టోబరు 1 దాకా నాజీ నాయకుల విచారణ జరిగిన 600వ నంబరు కోర్టు హాలు ఇక్కడుంది. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళను గోడకు నిలబెట్టి కాల్చకుండా, సాక్ష్యాలు వేసి, వకీళ్ళనిచ్చి, పన్నెండు మందికి మరణశిక్ష వేసి, ముగ్గురిని నిర్దోషులని వదిలిన విచారణ అది. గెలిచినవాళ్ళ న్యాయమన్న విమర్శలో కొంత సత్యం ఉంది, సోవియట్ న్యాయమూర్తులు కూడా ఆ పీఠం మీద కూర్చున్నారు మరి. అయినా ప్రభుత్వాధినేత కూడా తన ప్రజల మీద చేసిన నేరానికి జవాబు చెప్పాలన్న సూత్రం అక్కడే కాలు నిలదొక్కుకుంది. పార్టీ సభల మైదానంలో సగంలో ఆగిన కాంగ్రెస్ హాలును నగరం కూల్చలేదు, అందంగా మలచనూ లేదు. 2001లో దాని గోడలను ఏటవాలుగా చీల్చుకుంటూ గాజు, ఉక్కు దారి వేసి చరిత్ర ప్రదర్శన పెట్టింది. ఈ పనికి ధైర్యం కావాలి.

కాబట్టి నా సలహా ఇది. ఒక్క రోజే ఉంటే పొద్దున కోట దగ్గర దిగి, డ్యూరర్ ఇల్లు చూసుకొని, హౌప్ట్‌మార్క్ట్ దాటి లోరెన్జ్ చర్చిలో ఫైట్ ష్టోస్ చెక్కిన దేవదూత శిల్పం చూసి, మధ్యాహ్నానికి కోర్టు హాలుకు వెళ్ళండి. రెండో రోజు దొరికితే అన్స్‌బాఖ్, ష్టైనాఖ్‌లలో రైలు మారి రోటెన్‌బుర్గ్ వెళ్ళండి. అక్కడ అందరూ ఫొటోలు తీసుకునే ప్లోన్‌లైన్ కూడలితో ఆగకుండా, తూర్పు గోడ మీద నడిచి రాళ్ళ మీద చెక్కిన దాతల పేర్లు చదవండి, యూదుల వీధిలో ఒకసారి నడవండి.