గొంతుకు నకలు తీసిన మనిషి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను గద్వాల కోట గురించో, వనపర్తి సంస్థానం గురించో రాస్తానని చాలామంది అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. ముప్పై ఆరేండ్లు గుమస్తాగిరి చేసిన నాకు కాస్తో కూస్తో తెలిసింది ఒక్కటే, అది రికార్డు. కనుక రికార్డు గురించే రాస్తాను. అయితే అది తాలూకా కచేరిలో ఎర్ర గుడ్డ మూటలో దుమ్ము పట్టే రికార్డు కాదు. ముల్లు పెడితే పాడే రికార్డు.

1957-58 ప్రాంతంలో మా మేనమామ వనపర్తిలో దస్తావేజులు, అర్జీలు రాసి బతికేవాడు. ఆయన ఇంట్లో చావి తిప్పే గ్రామఫోను పెట్టె ఒకటి ఉండేది. సాయంత్రం పని ముగిశాక కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యం ప్లేటు పెట్టేవాడు. వీధిలో పోయేవాళ్లు నిలబడి వినేవారు. నేను పెట్టె వెనక్కు పోయి మనిషి ఎక్కడున్నాడా అని వెతికితే మామ నవ్వి, "లోపల మనిషి లేడురా, మనిషి గొంతుకు నకలుంది, అంతే" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. 1971లో ఉద్యోగంలో చేరి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కచేరీలలో ఎన్నో నకళ్లు రాశాను. అప్పట్లో ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని తాలూకాలే. 2016 అక్టోబరు 11న మూడు వేరువేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మన కచేరి నకలు కింద రాసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం ఉండాలి. లేకపోతే అది చెల్లదు. మరి గ్రామఫోను ప్లేటు మీద పాడినవారి పేరుంది, కంపెనీ వారి కుక్క బొమ్మ ఉంది. నకలు తీసినవాడి పేరు ఏది? రిటైరయ్యాక తీరిక దొరికి చదువుకుంటే, ఆ పనికి మూలపురుషుల్లో ఒకడని చెప్పదగినవాడు తెలిశాడు. అతని పేరు ఫ్రెడ్ గైస్‌బర్గ్.

గైస్‌బర్గ్ 1873 జనవరి 1న అమెరికాలోని వాషింగ్టన్‌లో పుట్టాడు. పియానో బాగా వాయించేవాడు. చదువుకునే వయసులోనే కొలంబియా ఫోనోగ్రాఫ్ కంపెనీలో పాటగాళ్లకు పక్కవాద్యం వాయించే పని సంపాదించాడు. అక్కడ అతనితో కలిసి రికార్డులిచ్చిన కళాకారుడు జాన్ యార్క్ అట్లీ. ఈయన పగలు ప్రభుత్వ గుమస్తా, కచేరి వదిలాక ఈల పాటల విద్వాంసుడు! మన శాఖవారికి ప్రపంచ రికార్డు చరిత్ర తొలి పుటల్లోనే చోటు దొరికిందన్నమాట.

ఆ రోజుల్లో రికార్డంటే మైనపు గొట్టం. ఒక గొట్టం నుంచి వందల నకళ్లు తీసే ఉపాయం అప్పటికింకా లేదు. పాటగాడి ముందు కొన్ని యంత్రాలు వరుసగా పెట్టి, పాడిన పాటనే మళ్లీ మళ్లీ పాడించేవారు. కార్బన్ కాగితం రాకముందు ఒకే ఉత్తరువును పది గ్రామాలకు పదిసార్లు రాసినట్టే. ఈ బాధ తప్పించినవాడు ఎమిలీ బెర్లినర్. గొట్టం బదులు బల్లపరుపు ప్లేటు మీద గొంతును గీసి, దాని నుంచి లోహపు అచ్చు తయారు చేసి, ఆ అచ్చుతో ఎన్ని కావాలంటే అన్ని ప్లేట్లు ఒత్తే పద్ధతి ఆయనది. తన గ్రామఫోనుకు 1887లో పేటెంటు తీసుకున్నాడు. గైస్‌బర్గ్ ఆయన దగ్గర చేరి ఈ కొత్త విద్యలో ఆరితేరాడు.

ఆ ప్లేట్లకు చివరికి కుదిరిన పదార్థం ఏమిటో తెలుసా? మన దేశపు చెట్లమీద పురుగులు పెట్టే లక్క! ట్రెజరీ సంచులకు సీలు వేసేటప్పుడు మనం వేళ్లు కాల్చుకున్న లక్కకు దగ్గరి బంధువే. మన లక్క పడమటి దేశాలకు పోయి, పాటై తిరిగి వచ్చింది.

1898లో లండన్‌లో గ్రామఫోను కంపెనీ మొదలైనప్పుడు, రికార్డింగు శాఖను నెలకొల్పడానికి బెర్లినర్ తన పాతికేళ్ల శిష్యుణ్ణి పంపాడు. రికార్డింగు సామాను, ఇరవై ఐదు డాలర్ల సైకిలు, బెర్లినర్ సలహాలూ చిరునామాలూ నింపిన ఒక నోటు పుస్తకం, ఇదీ అతని వెంట వెళ్లిన సరంజామా. అప్పుడు మైకు లేదు, కరెంటు సాయమూ లేదు. గోడలోంచి వచ్చిన రేకు గరాటు ముందు నిలబడి పాడాలి. గొంతు కదలికకు ఒక పలుచని పొర అదిరి, దానికి తగిలించిన సూది తిరిగే ప్లేటు మీద గీత గీస్తుంది. పాటగాడు గట్టిగా పై స్వరం అందుకుంటే గీత చెడిపోతుంది. అందుకని గైస్‌బర్గ్ పక్కన నిలబడి, పై స్వరానికి పాటగాణ్ణి వెనక్కు లాగడం, కింది స్వరానికి ముందుకు నెట్టడం చేసేవాడు. ఈనాటి రికార్డింగు ఇంజనీరు వేలితో చేసే పనిని ఆనాడు అతను చేతులతో చేశాడు.

1902 ఏప్రిల్‌లో ఇటలీలోని మిలాన్‌లో కరూసో అనే యువ గాయకుణ్ణి విన్నాడు. పది పాటలకు వంద పౌన్లు అడిగారు. గైస్‌బర్గ్ లండన్‌కు తంతి కొట్టాడు. అంత సొమ్ము ఇవ్వరాదు, రికార్డు చేయవద్దని జవాబు వచ్చిందట. ఆ ఉత్తరువును పక్కన పెట్టి, హోటల్ గదిలోనే యంత్రం బిగించి పదీ రికార్డు చేశానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ప్లేట్లు కరూసోను లోకానికి పరిచయం చేశాయి, గ్రామఫోను ఆటబొమ్మ కాదని పెద్ద విద్వాంసులకు నమ్మకం కలిగించాయి. మంజూరు లేకుండా ఖర్చు పెట్టడం ఎంత ప్రమాదమో మనకు తెలుసు. ఆడిట్ పేరా తప్పదు. అయినా, మంజూరు కోసం కూర్చుంటే కొన్ని గొంతులు దాటిపోతాయని అతనికి తెలుసు.

ఆ ఏడే అతను ఓడెక్కి మన దేశం వచ్చాడు. కలకత్తాలో 1902 నవంబరు 8న రికార్డింగు మొదలైంది. నవంబరు 11న గౌహర్ జాన్ వచ్చింది. అప్పటికే ఆమె పేరు దేశమంతటా మోగుతోంది. రాత్రంతా పాడినా తరగని రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలంటే ఎంత కష్టమో ఊహించండి. ఆమె ఆ కిటుకు పట్టేసింది. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. అది గొప్పకోసం కాదు. మైనపు ప్లేట్లు జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి పోవాలి. ఈ గొంతు ఎవరిదో అక్కడి పనివారికి తెలిస్తేనే సరైన చీటీ అంటిస్తారు. గొంతుతోనే సంతకం చేసిందన్నమాట. ఇంకో విచిత్రం, గైస్‌బర్గ్, కరూసో, గౌహర్ జాన్ ముగ్గురూ 1873లోనే పుట్టారు.

ఆ కొద్ది వారాల్లో ఐదువందలకు పైగా రికార్డులు చేసి గైస్‌బర్గ్ జపాను, చైనాల దారి పట్టాడు. మన భాష అతనికి రాదు, మన రాగం తెలియదు. ఎవరు మంచి పాటగాళ్లో ఇక్కడివాళ్లను అడిగి తెలుసుకోవలసిందే. అయినా అతను వేసిన దారి మూయలేదు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. రికార్డింగు బృందాలు మద్రాసు దాకా దిగాయి. అలా తెలుగు నాటక పద్యం ప్లేటెక్కి, చివరికి వనపర్తిలో మా మామ పెట్టె దాకా చేరింది.

1925లో కరెంటు మైకు వచ్చింది. అతను నేర్చిన గరాటు విద్యకు కాలం చెల్లింది. చాలామంది అక్కడ ఆగిపోతారు. అతను మాత్రం కొత్త యంత్రంతోపాటే ముందుకు నడిచాడు. ఎల్గార్, పదహారేళ్ల యెహుదీ మెనూహిన్ కలిసి 1932లో చేసిన వయొలిన్ రికార్డుల వెనకా, 1936లో మొదలైన పాబ్లో కసాల్స్ సెల్లో రికార్డుల వెనకా ఉన్నది అతనే. పక్కవాద్యం, యంత్రం మరమ్మతు, విద్వాంసులను వెతకడం, బేరం కుదర్చడం, అలిగినవారిని బుజ్జగించడం అన్నీ అతని పనే. 1939లో రిటైరై, 1942లో ఆత్మకథ ప్రచురించి, 1951 సెప్టెంబరు 2న లండన్‌లో కన్నుమూశాడు.

ఇక మన తెలుగువారి సంగతి. 1966 డిసెంబరులో మద్రాసు విజయా గార్డెన్స్‌లో ఇరవై ఏళ్ల కుర్రవాడు 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి తన మొదటి పాట పాడాడు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. పని అయ్యాక చెరిపి మళ్లీ వాడేవారు. సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణిగారు మాత్రం ఆ టేపును చెరపవద్దని ఇంజనీరు స్వామినాథన్‌గారిని కోరారు. స్వామినాథన్‌గారు దాచారు. వచ్చిన సంగీత దర్శకులకు దాన్ని వినిపించేవారు. ఆ కుర్రవాడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 2020లో మనల్ని విడిచిపోయేదాకా ఆయన ఆ ఇద్దరి మేలు తలుచుకుంటూనే వచ్చారు, తన రికార్డింగు స్టూడియోకు కోదండపాణిగారి పేరే పెట్టుకున్నారు. ఆ ఒక్క టేపు చెరిపేసి ఉంటే ఏమయ్యేదో!

చెరిపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంతదాకా రాసింది ఈ మాట చెప్పడానికే. నాగర్‌కర్నూల్‌లో పనిచేస్తున్నప్పుడు, 1984లో, వాయిదాల మీద ఒక టేప్‌రికార్డరు కొన్నాను. మా అమ్మ చేత బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు పాడించాను. "నా గొంతేం బాగుంటదిరా" అంటూనే క్యాసెట్‌కు రెండువైపులా నిండా పాడింది. మధ్యలో దగ్గు, కోడి కూత, నా పెద్ద కూతురి ఏడుపు కూడా పడ్డాయి. చీటీ మీద పేరు రాయలేదు. రోజంతా కచేరిలో ప్రతి కాగితానికీ నంబరు వేసేవాణ్ణి, ఇంట్లో ఆ ఒక్క క్యాసెట్‌కు వేయలేకపోయాను. రెండేండ్ల తర్వాత ఒక రాత్రి రేడియోలో మంచి సినిమా పాటలు వస్తుంటే, చేతికందిన క్యాసెట్ పెట్టి నొక్కాను. అది అమ్మ క్యాసెట్. క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేస్తే పొరపాటున దానిమీద మళ్లీ రికార్డు కాదని తర్వాత తెలిసింది. అమ్మతో ఆ సంగతి చెప్పలేదు. మళ్లీ పాడిద్దామనుకుంటూనే ఏండ్లు గడిచాయి. 1991లో అమ్మ పోయింది. ఆమె ఫొటో ఉంది, వేలిముద్ర ఉన్న పట్టా కాగితం ఉంది. గొంతు లేదు.

మిత్రులారా, మనం బతికే ఉన్నామని ఏటా ధ్రువీకరణ పత్రం ఇస్తాం. అది పింఛనుకు పనికొస్తుంది. మనుమలకు పనికొచ్చే పత్రం వేరే ఉంది. ఇప్పుడు గైస్‌బర్గ్ గరాటు, లక్క ప్లేటు, హానోవర్ ఫ్యాక్టరీ అన్నీ మనుమడి జేబులోని ఫోనులోనే ఉన్నాయి. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి పాటో, సామెతో, పనులు దొరకక వలసపోయిన నాటి కథో చెప్పించండి. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించండి, గౌహర్ జాన్ చేసిన పని అదే. రెండు నకళ్లు తీసి రెండు చోట్ల పెట్టండి. "నా గొంతేం బాగుంటది" అంటే వినకండి.

నేను పోయిన నెల నా గొంతు రికార్డు చేయించాను. అమ్మ పాడిన నాట్ల పాటల్లో గుర్తున్నవి రెండు చరణాలే. అవే పాడాను. రాగం తప్పింది. అయినా మా మనుమరాలు దాన్ని చెరపనని మాటిచ్చింది.