తెలుగునాట గృహ విద్యుత్ భద్రత: చట్టం, ఋతువు, వాడుకభాష

వ్యాససంగ్రహం

విద్యుత్ భద్రతకు సంబంధించిన నియమాలు భారతదేశంలో 1887 నుండి రూపొందుతూ వచ్చాయి. అయితే చిన్న ఇల్లు, చిన్న దుకాణం ఆ నియమాలలోని ముఖ్యమైన రక్షణలకు చాలాకాలం వెలుపలే ఉన్నాయి. ప్రమాదం ఋతువులను అనుసరించి వస్తే, తనిఖీ సంవత్సరాల లెక్కను అనుసరించింది. ఈ రెండింటి నడుమ మిగిలిన ఖాళీని వైర్‌మన్ల అనుభవమూ, తెలుగువారి వాడుకమాటలూ పూరించాయి. ఆ మాటలు జ్ఞానాన్ని ఎంతగా మోశాయో, కొన్ని అపోహలను కూడా అంతగానే మోశాయి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలను కేంద్రంగా చేసుకొని ఈ పరిణామాన్ని వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ భద్రత, భారత విద్యుత్ నిబంధనలు 1956, ఎర్త్, ఫ్యూజు, కార్తెలు, వాడుకభాష

1. ఉపోద్ఘాతం

తెలుగునాట విద్యుత్తు చరిత్రను సాధారణంగా ఉత్పత్తి కేంద్రాల చరిత్రగానే చెబుతారు. 1920లో హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ థర్మల్ కేంద్రం, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పాటు, 1999లో ఆ మండలి విభజన ఈ చరిత్రలో మైలురాళ్ళు. ఆ తీగ ఇంటి గడప దాటిన తరువాత ఏమైందన్నది ఈ కథనంలో కనిపించదు. కాని మనిషి విద్యుత్తును తాకేది గడప లోపలే. వంటింటి స్విచ్చు, టిఫిన్ సెంటర్‌లో తడి గ్రైండరు, కిరాణా కొట్టు ఫ్రిజ్, పెరట్లోని మోటారు అనేవి ఉత్పత్తి కేంద్రాల చరిత్రకు అందని స్థలాలు. భద్రత చరిత్రను ఈ స్థలాల నుండి చదివితే చట్టానికీ జనజీవనానికీ నడుమ ఉన్న దూరం స్పష్టమవుతుంది.

2. చట్టం గీసిన గీత

భారతదేశపు తొలి విద్యుత్ చట్టం 1887లో వచ్చింది. విద్యుత్ సరఫరా, వినియోగాల వలన మనుషులకూ ఆస్తికీ కలిగే హాని నుండి రక్షణ కల్పించడమే దాని ప్రకటిత ఉద్దేశం. అంటే ఈ దేశంలో విద్యుత్ శాసనం భద్రతతోనే మొదలైంది. 1903, 1910 చట్టాలతో లైసెన్సులు, సరఫరా వ్యవహారాలు ముందుకు వచ్చాయి. ప్రమాదాలను తెలియజేయవలసిన బాధ్యత, వాటిపై విచారణ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ల నియామకం 1910 చట్టంలో చోటుచేసుకున్నాయి. ఆ చట్టం కింద రూపొందిన 1956 నిబంధనలు దాదాపు అర్ధశతాబ్దం పాటు దేశమంతటా భద్రతకు ఆధారమయ్యాయి. 2003 విద్యుత్ చట్టం వచ్చిన తరువాత కూడా, దాని 53వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో కొత్త నియమాలు తెచ్చేదాకా 1956 నిబంధనలే కొనసాగాయి.

ఈ నిబంధనలను చిన్న ఇంటి దృష్టితో చదివితే ఒక విషయం బయటపడుతుంది. 35వ నిబంధన ప్రకారం ప్రమాద సూచిక హిందీ లేదా ఇంగ్లీషులోనూ, జిల్లా స్థానిక భాషలోనూ, పుర్రె ఎముకల గుర్తుతో ఉండాలి. స్తంభాల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల దిమ్మెల వద్ద తెలుగు అక్షరాలు కనిపించడానికి శాసనాధారం ఇదే. కాని ఈ నియమం మీడియం వోల్టేజీ, అంతకు పైబడిన వాటికే వర్తిస్తుంది. 250 వోల్టులు దాటని సరఫరాను నిబంధనలు ‘లో వోల్టేజీ’గా నిర్వచించాయి. ఇళ్ళకు అందే 230 వోల్టులు ఆ కోవలోకే వస్తాయి. మూడు ఫేజుల పిండిమరకు తెలుగు హెచ్చరిక తప్పనిసరి అయింది. పక్కనే ఉన్న ఇంటి మీటరు బల్లకు కాలేదు.

44వ నిబంధన షాక్‌కు గురైనవారిని తిరిగి బ్రతికించే పద్ధతిని స్థానిక భాషలో ప్రదర్శించాలని నిర్దేశించింది. అది కూడా విద్యుత్ కేంద్రాలు, సబ్‌స్టేషన్లు, కర్మాగారాలు వంటి చోట్లకే పరిమితం. లీకేజీ విద్యుత్తును పసిగట్టి సరఫరాను ఆపే పరికరాన్ని 61-ఎ నిబంధన తప్పనిసరి చేసినా, 5 కిలోవాట్ల లోపు లో వోల్టేజీ కనెక్షన్లను మినహాయించింది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతనే పని చేయించాలన్న 45వ నిబంధన కూడా దీపాలు, పంకాలు, ఫ్యూజులు, స్విచ్చుల మార్పును మినహాయించింది.

ఈ మినహాయింపులలో ప్రతిదానికీ ఆచరణపరమైన కారణం ఉంది. ఫ్యూజు తీగ మార్చడానికి లైసెన్సుదారు కోసం ఎదురుచూడమని ఏ చట్టమూ చెప్పలేదు. కాని వాటన్నింటినీ కలిపి చూస్తే తెలుగు హెచ్చరిక, ప్రథమ చికిత్స సూచన, లీకేజీ రక్షణ, నిపుణుని చెయ్యి అనే నాలుగూ ఒకే గీత దగ్గర ఆగిపోయాయి. అత్యధికులు నివసించే చిన్న ఇల్లు ఆ గీతకు అవతల ఉంది.

3. కార్తెల లెక్క, తనిఖీ లెక్క

46వ నిబంధన ప్రకారం వినియోగదారుని విద్యుత్ అమరికను ఐదేళ్ళకు మించని వ్యవధిలో ఒకసారి తనిఖీ చేయాలి. ఐదేళ్ళంటే ఐదు రోహిణి కార్తెలు, ఐదు తొలకరులు, ఐదు తుపాను కాలాలు. విద్యుత్ అమరిక పాడయ్యే తీరు ఈ కార్తెల లెక్కకే దగ్గరగా ఉంటుంది.

రోహిణి ఎండలకు నేలలో తేమ తగ్గుతుంది. తేమ తగ్గితే ఎర్త్ గుంతకు నిరోధం పెరుగుతుంది. లీకైన విద్యుత్తు నేలలోకి పోయే దారి ఇరుకవుతుంది. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోయాలన్న వైర్‌మన్ల సలహాకు మూలం ఇదే. అదే కాలంలో కూలర్లు, ఏసీల భారం పెరుగుతుంది. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, 10 ఆంపియర్లు మోసే తీగపై 15 ఆంపియర్లు పడితే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లవుతుంది. వదులైన స్క్రూ, పాత అతుకు ముందుగా కాలేది అప్పుడే.

మృగశిరతో ప్రమాదం స్వభావం మారుతుంది. గోడలు చెమ్మగిల్లుతాయి, ఆరుబయటి స్విచ్చుల్లోకి నీరు చేరుతుంది, తడిసిన చర్మం విద్యుత్తును సులువుగా రానిస్తుంది. సర్వీసు తీగకు ఆధారంగా ఉండే ఇనుప తీగా, బట్టలారేసే దండెం తీగా ఒకే మేకుకు కట్టి ఉన్న ఇళ్ళలో, సర్వీసు తీగ పైతొడుగు చిరిగితే దండెమే విద్యుత్ తీగ అవుతుంది. వానాకాలపు ప్రమాద వార్తలలో దండెం పదేపదే కనిపించడానికి కారణం అదే. చిత్త, స్వాతి కార్తెల నాటికి కోస్తాలో తుపానుల భయం మొదలవుతుంది. ఉప్పుగాలి తీగల అతుకులను తింటుంది. నేలకొరిగిన స్తంభాలు, నీట మునిగిన మోటార్లు సరఫరా తిరిగి వచ్చిన క్షణాన ప్రమాదకరమవుతాయి. వినాయక చవితి పందిళ్ళ తాత్కాలిక తీగలు, సంక్రాంతికి లైన్లలో చిక్కుకున్న గాలిపటాలు ఈ క్రమంలో పండుగలు చేర్చిన అపాయాలు.

1956 నిబంధనల కర్తలకు ఋతువు తెలియనిది కాదు. సరఫరాదారుకు చెందిన ఎర్త్ వ్యవస్థలను రెండేళ్ళకు ఒకసారైనా, పొడి ఋతువులో పొడిగా ఉన్న రోజున పరీక్షించాలని 61వ నిబంధన చెప్పింది. ఎర్త్ ఎప్పుడు బలహీనపడుతుందో అప్పుడే పరీక్షించాలన్న శాస్త్రీయ వివేకం ఇందులో ఉంది. ఆ వివేకం సరఫరాదారు ఆస్తికి అందింది. వినియోగదారుని పెరట్లోని గుంతకు అందలేదు. తరువాతి చరిత్ర కూడా ఈ దారినే నడిచింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం విద్యుత్ వ్యవస్థను ఛిన్నాభిన్నం చేసిన తరువాత ఆ నగరంలో భూగర్భ కేబుళ్ళు వేసే పని చేపట్టారు. తొలకరికి ముందు లైన్ల మీది చెట్ల కొమ్మలు నరకడం పంపిణీ సంస్థలకు ఏటేటి పని. ఇవన్నీ అవసరమైనవే, కాని ఇవన్నీ గడపకు ఇవతలి పనులు.

4. మాటలు మోసిన జ్ఞానం, మాటలు మోసిన అపోహ

గడప లోపలికి జ్ఞానం చేరింది వైర్‌మన్ నోటి ద్వారానే. కరెంటు, షాక్, లైను, ఎర్త్, ఫీజు అనే మాటలు పాఠ్యపుస్తకాల కంటే ముందే ఇళ్ళల్లో స్థిరపడ్డాయి. పత్రికలు ‘విద్యుదాఘాతం’ అని రాసినా ఇంట్లో ‘షాక్ కొట్టింది’ అన్నదే మాట. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్ర పరిభాషకు చేసిన కృషి తరగతి గదికి చేరింది. మీటరు బల్ల దాకా రాలేదు. వాడుకమాటలలో రెండు ప్రత్యేకంగా పరిశీలించదగ్గవి.

మొదటిది ‘ఎర్త్’. ‘ఎర్త్ పెట్టించాలి’ అన్నప్పుడు అది రక్షణ. ‘ఫ్రిజ్ ఎర్త్ కొడుతోంది’, ‘గోడకు ఎర్త్ వస్తోంది’ అన్నప్పుడు అది లోపం. నిజానికి ఫ్రిజ్ తాకినప్పుడు చురుక్కుమనడం ఎర్త్ ఉన్నందువల్ల కాదు, సరైన ఎర్త్ లేనందువల్ల. రక్షణ పేరే ప్రమాదానికి పేరైన ఈ అర్థవిపర్యయం కేవలం భాషాకుతూహలం కాదు. ఎర్త్ కొడుతుందని నమ్మేవారికి ప్లగ్గులోని మూడో పిన్ను అవసరం లేనిదిగానో, అనుమానించదగినదిగానో తోచే అవకాశం ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు తీగలను సాకెట్‌లో గుచ్చే అలవాటుకు ఈ మాట కూడా తోడ్పడిందని భావించవచ్చు.

రెండవది ‘ఫీజు’. ఫ్యూజు కరిగిపోవడం అది తన పని తాను చేసిందనడానికి గుర్తు. తెలుగులో మాత్రం ‘ఫీజు పోయింది’ అంటారు. పోవడం తెలుగులో నష్టం, చావు. పోయినది మళ్ళీ పోకుండా చూడాలన్నది సహజమైన ఆలోచన. అందుకే సన్నని తీగ స్థానంలో లావు రాగి తీగ చుట్టడం నేర్పరితనమనిపించుకుంది. ఫ్యూజు పోవడం ఆగింది, గోడలోని తీగ కాలడం మొదలైంది. ఎంసీబీలు వచ్చాక ‘ట్రిప్ అయింది’ అన్న మాట వచ్చింది. కాని మాటిమాటికీ ట్రిప్ అయ్యే దానిని తీసేసి పెద్దది పెట్టించడం పాత ఆలోచనకు కొత్త రూపమే.

ఎంసీబీ ఉన్న ఇల్లు షాక్ నుండి సురక్షితమన్న నమ్మకం కూడా ఇక్కడే పుట్టింది. ఎంసీబీ కాపాడేది ముఖ్యంగా తీగను. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ పరిమితి దాటితేనే స్పందిస్తుంది. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే ప్రవాహం మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ఇళ్ళకు వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపుతుంది. రెండింటి సున్నితత్వంలో తేడా ఐదు వందల రెట్లకు పైబడినది. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అక్షరంతో ఉండే పరీక్ష బొత్తాం దానిని తరచు నొక్కి చూడడానికే ఉంది. దాని ప్రయోజనాన్ని ఒక వాక్యంలో చెప్పే తెలుగు చీటీ పక్కన లేకపోవడం 35వ నిబంధన గీసిన గీతకు నేటి ఆనవాలు.

5. ముగింపు

పై పరిశీలన నుండి మూడు నిర్ధారణలకు రావచ్చు. ఒకటి: భద్రతతో మొదలైన భారత విద్యుత్ శాసనం, వోల్టేజీని, లోడును కొలబద్దలుగా తీసుకొని చిన్న వినియోగదారును ముఖ్యమైన రక్షణలకు దూరం చేసింది. రెండు: ఎర్త్ పరీక్షకు ఋతువు ముఖ్యమని శాసనం గుర్తించినా, ఆ గుర్తింపును ఇంటికి విస్తరించలేదు. మూడు: ఆ ఖాళీలో పెరిగిన తెలుగు వాడుకమాటలు ఆచరణకు ఉపకరిస్తూనే, రక్షణను లోపంగా చూపే అర్థాలను కూడా నిలిపాయి.

విత్తనం నుండి ఊరగాయ దాకా ఇంటిపనిని కార్తెలతో గుర్తుంచుకున్న సమాజానికి రోహిణికి ముందు అతుకులు బిగించడం, ఎర్త్ గుంత తడపడం, మృగశిరకు ముందు దండెం తీగను సర్వీసు తీగ నుండి వేరుచేయడం, ఆర్‌సీసీబీ బొత్తాం నొక్కి చూడడం, తుపాను హెచ్చరిక రాగానే మెయిన్ కట్టేయడం, నీట మునిగిన పరికరాన్ని ఆరబెట్టి పరీక్షించకుండా వాడకపోవడం అనేవి కొత్త భారం కావు. ఇవి ఆ పాత లెక్కలో చేరవలసిన కొత్త పనులు మాత్రమే. వాటిని అలా చేర్చడానికి కావలసినది సరళమైన, అర్థం తలకిందులు కాని తెలుగు. శాస్త్ర పరిభాషను పుస్తకాల కోసం నిర్మించిన భాషాధ్యయనం మీటరు బల్ల కోసం కూడా పనిచేయవలసి ఉంది. అక్కడ ఒక మాటకు తప్పు అర్థం నిలిచిపోతే దాని మూల్యం ప్రాణమే.