అణా తపాలా, నాటాల్ తెలుగు సంఘము

సంఘ చరిత్ర వ్రాసేవారు సాధారణంగా మిషనరీలను, మహాసభలను, బాప్తిస్మముల సంఖ్యను లెక్కిస్తారు. దూరస్థులైన విశ్వాసులను కలిపి ఉంచిన ఉత్తరాల మార్గాన్ని గూర్చి అంతగా ఆలోచించరు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘాల పక్షాన జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మిషనరీగా వెళ్ళారు. ఆ కాలంలో నెల్లూరును నాటాల్‌తో కలిపినది బ్రిటిష్ వలస ప్రభుత్వపు తపాలా. పాలన కొరకు, వ్యాపారం కొరకు ఏర్పడిన ఆ వ్యవస్థ సామాన్య విశ్వాసికి ఎంతవరకు అందింది, ఎక్కడ అందలేదు అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించే అంశం.

1. పెద్దబాట మీది టపా

గూడూరుకు, నెల్లూరుకు నడుమ ఉన్న మా మనుబోలు, మద్రాసు నుండి ఉత్తరానికి పోయే పెద్దబాట మీది ఊరు. రైలు రాకముందు టపా సంచులను రన్నర్లు అంచెలంచెలుగా మోసేవారు. 1837 చట్టం ఉత్తరాలు చేరవేసే హక్కును కంపెనీ ప్రభుత్వానికే ప్రత్యేకించింది. దూరాన్ని బట్టి రుసుము పెరిగేది. 1854 అక్టోబరు 1 నుండి దేశమంతటా ఒకే ధర వచ్చింది: పావు తులం బరువున్న ఉత్తరానికి అర అణా. 1879లో పావు అణా కార్డు వచ్చింది. 1899లో మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తయిన తరువాత ఈ తీరపు ఉత్తరాలు మరింత త్వరగా చేరసాగాయి.

2. సముద్రం దాటినవారు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్ వెళ్ళారు. మద్రాసు రేవున ఓడ ఎక్కినవారిలో తమిళులతోపాటు తెలుగువారు అనేకులు. ఓడ జాబితాలో ప్రతి మనిషికి ఒక సంఖ్య ఉండేది. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాసేవారు. ప్రభుత్వానికి అది లెక్క. కూలికి మాత్రం ఆ జిల్లా, తాలూకా, గ్రామమే ఇంటికి ఉత్తరం చేర్చే చిరునామా.

1874లో బెర్న్ నగరంలో ఏర్పడిన అంతర్జాతీయ తపాలా సమాఖ్యలో ఇండియా 1876లో, నాటాల్ 1892లో చేరాయి. ఆ రోజుల్లో ఇండియా నుండి విదేశానికి ఉత్తరం పంపాలంటే రెండున్నర అణాలు. హెనికర్ హీటన్ అనే పార్లమెంటు సభ్యుడు అనేక సంవత్సరాలు పోరాడిన ఫలితంగా 1898 డిసెంబరు 25న, క్రిస్మసు దినాన, ‘సామ్రాజ్య పెన్నీ తపాలా’ అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అర ఔన్సు ఉత్తరానికి నాటాల్‌లో ఒక పెన్నీ, ఇండియాలో ఒక అణా.

ఈ తగ్గింపును కూలి జీతంతో పోల్చి చూడాలి. ఒప్పంద కూలికి మొదటి ఏట నెలకు 10 షిల్లింగులు, అంటే 120 పెన్నీలు. రోజుకు నాలుగు పెన్నీలు. ఒక ఉత్తరం ఖరీదు పావు రోజు కూలి. అయితే ఇదే సామ్రాజ్యంలోని నాటాల్ ప్రభుత్వం, ఒప్పందం ముగిశాక అక్కడే నిలిచిపోదలచినవారిపై ఏటా 3 పౌండ్ల పన్ను విధిస్తూ 1895లో చట్టం చేసింది. 3 పౌండ్లంటే 720 పెన్నీలు, ఆరు నెలల జీతం. ఉత్తరానికి తలుపు తెరిచిన పాలనే మనిషికి తలుపు మూసింది. ఆ పన్ను 1914లో గాని రద్దు కాలేదు.

3. వ్రాయలేనివాని ఉత్తరం

తపాలా చౌక అయినంతమాత్రాన అందరికీ అందలేదు. చదువురాని కూలికి అణా తపాలా ఉండీ లేనట్టే. తన మాటను కాగితం మీద పెట్టేవారు అక్కడ ఒకరు కావాలి, ఇక్కడ దానిని చదివి వినిపించేవారు ఒకరు కావాలి. ఇండియా తపాలా శాఖ అనేక గ్రామాలలో బడిపంతుళ్ళకే బ్రాంచి పోస్టుమాస్టరు పని అప్పగించింది. అక్షరం వచ్చినవాడే ఊరికి వాకిలి అయ్యాడు. ఈ దృష్టితో చూచినప్పుడు రంగయ్యగారు నెల్లూరులో ఉపాధ్యాయులుగా పనిచేసినవారన్న సంగతికి ప్రాముఖ్యత కలుగుతుంది. నాటాల్ తెలుగు విశ్వాసులకు బోధించే కాపరితోపాటు తమ భాష చదివి వ్రాయగలవాడు దొరికాడు. 1903 డిసెంబరు 27న కియర్స్నీ తేయాకు తోటల ప్రాంతంలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. 1915లో మరణించేవరకు ఆయన ఆ పరిచర్యలో కొనసాగారు.

4. వాక్యపు వెలుగులో

యిర్మీయా 29వ అధ్యాయంలో ప్రవక్త బబులోను చెరలోనివారికి పత్రిక పంపాడు. దానిని మోసినవారు ఎల్యాశా, గెమర్యా. వారు సిద్కియా రాజు నెబుకద్రెజరు నొద్దకు పంపిన దూతలు. రాజకార్యం మీద వెళ్ళేవారి చేతనే దేవుని మాట చెరలోనివారికి చేరింది. ఎస్తేరు గ్రంథంలో ఒకే అంచె వ్యవస్థ మొదట యూదుల నాశనపు తాకీదును, తరువాత వారి ప్రాణరక్షణ తాకీదును మోసింది. కాబట్టి వలస తపాలాను దేవుని వరమని పొగడడం గాని, దొరల సాధనమని త్రోసివేయడం గాని సరికాదు. మార్గం రాజుది. అందులో వెళ్ళిన మాట ఎవరిది, ఎవరి కొరకు అన్నదే సంఘ చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న అడిగితే మన చరిత్ర రచనలోని ఒక లోటు బయటపడుతుంది. మిషనరీలు నెల్లూరు నుండి అమెరికాకు వ్రాసినవి మిషను పత్రికలలో అచ్చయి, గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. తెలుగు విశ్వాసులు ఒకరికొకరు వ్రాసుకున్నవి ట్రంకుపెట్టెలలో చెదలకు వదలబడ్డాయి. మొదటి వాటిపై మాత్రమే ఆధారపడితే, పంపినవారి చరిత్ర వస్తుంది గాని వెళ్ళినవారి చరిత్ర రాదు.

కావున కాపరులకు, వేదాంత విద్యార్థులకు మా మనవి ఇది. మీ సంఘాలలోని వృద్ధుల ఇండ్లలో పాత ఉత్తరాలు, నాటాల్, బర్మా, మలయా ముద్రలున్న కవర్లు, సంఘ రిజిస్టర్లు ఉన్నవేమో అడగండి. ఉంటే వారి అనుమతితో నకలు తీయించి, తేదీ, ఊరు, వ్రాసినవారి పేరు గుర్తించి భద్రపరచండి. చదువరాని తల్లి పక్కన కూర్చుని కుమారుని ఉత్తరం చదివి వినిపించడం ఒకప్పుడు సంఘ సేవకుని పరిచర్యలో భాగం. ఆ ఉత్తరాన్ని తరువాతి తరానికి అందించడం కూడా ఆ పరిచర్యకు కొనసాగింపే.