డిజిటల్ కెమెరా ఎంపికలో లెన్స్ మౌంట్ – చారిత్రక పరిశీలన

డిజిటల్ కెమెరా చరిత్రను మెగాపిక్సెళ్ల పెరుగుదలగా వివరించడం పరిపాటి. కొనుగోలుదారుని పక్షం నుంచి చూస్తే, ఈ చరిత్రలో నిర్ణాయకమైనది లెన్సును బాడీకి బిగించే లోహపు వలయం, అంటే మౌంట్.

నికాన్ సంస్థ ఎఫ్ మౌంట్‌ను 1959లో ప్రవేశపెట్టింది. 1991లో కొడాక్ విడుదల చేసిన డీసీఎస్ కెమెరాకు నికాన్ ఎఫ్3 బాడీయే ఆధారం. 1999 నాటి నికాన్ డీ1 సైతం అదే మౌంట్‌తో వచ్చింది. ఫిల్మ్ కాలపు లెన్సులు చాలావరకు ఇలా నిలిచాయి. అయితే డీ1 సెన్సార్ ఫిల్మ్ చట్రం కంటే చిన్నది. అందువల్ల 24 మి.మీ. లెన్సు దానిపై సుమారు 36 మి.మీ. లెన్సులా ప్రవర్తించింది. లెన్సు మిగిలినా దాని విశాల దృష్టి మిగలలేదు. నికాన్ సొంత బాడీలలో ఈ లోటు 2007లో డీ3తో తీరింది.

కానన్ 1987లోనే ఎఫ్‌డీ మౌంట్‌ను విడిచి, పూర్తిగా ఎలక్ట్రానిక్ సంకేతాలతో నడిచే ఈఎఫ్‌ను చేపట్టింది. మౌంట్ నుంచి ఫిల్మ్ వరకు దూరం ఎఫ్‌డీలో 42 మి.మీ., ఈఎఫ్‌లో 44 మి.మీ. ఈ 2 మి.మీ. తేడా వల్ల, అదనపు గాజు లేని అడాప్టర్‌తో పాత లెన్సు సుదూర దృశ్యంపై ఫోకస్ కాదు. పాత వినియోగదారుల పెట్టుబడి దాదాపు నిరుపయోగమైంది.

దీనితో పోలిస్తే మెమరీ కార్డుల మార్పు స్వల్ప విషయం. 1994 నాటి కాంపాక్ట్ ఫ్లాష్ స్థానాన్ని ఎస్‌డీ కార్డు ఆక్రమించినా, కోల్పోయినది కొద్దిపాటి సొమ్మే.

2018 నాటి నికాన్ జెడ్ మౌంట్‌లో ఆ దూరం 16 మి.మీ.; ఎఫ్‌లో 46.5 మి.మీ. కనుక అడాప్టర్‌కు చోటు దక్కింది. కానీ సంస్థ నాడు ఇచ్చిన అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. సొంత మోటారు లేని పాత ఆటోఫోకస్ లెన్సులను చేతితోనే తిప్పుకోవలసి వచ్చింది.