గది దాటకూడని మాట

1971 సెప్టెంబరు 3 రాత్రి కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో ఒక సైకియాట్రిస్టు ఆఫీసు కిటికీ అద్దం పగిలింది. లోపలికి దూరినవాళ్లు డబ్బు కోసం రాలేదు. డాక్టర్ లూయిస్ ఫీల్డింగ్ బీరువాలో ఉన్న ఒకే ఒక్క పేషెంటు ఫైలు వాళ్లకు కావాలి. ఆ పేషెంటు పేరు డేనియల్ ఎల్స్‌బర్గ్. వియత్నాం యుద్ధం గురించి అమెరికా ప్రభుత్వం దాచిన నిజాలను బయటపెట్టిన పెంటగాన్ పత్రాలు ఆయన చేతుల మీదుగానే న్యూయార్క్ టైమ్స్‌కు చేరి, ఆ ఏడాది జూన్‌లో అచ్చయ్యాయి. ఆయన పరువు తీయడానికి పనికొచ్చే మాట ఏదైనా ఆ ఫైలులో దొరుకుతుందని వైట్ హౌస్‌లోని ఒక రహస్య బృందం ఆశపడింది. దొంగల్ని పంపింది ఆ బృందమే.

అంతకుముందు జూలైలోనే ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఫీల్డింగ్‌ను కలిసి ఎల్స్‌బర్గ్ గురించి అడిగారు. ఆయన మాట్లాడనన్నారు. డాక్టరు నోరు తెరవకపోవడంతో బీరువా తెరవాలని నిర్ణయించారు. సొరుగుల్ని బలవంతంగా విరిచి, మత్తుమందుల కోసం వచ్చిన దొంగల పని అనిపించేలా మాత్రలు నేలంతా చల్లిపోయారు. పనికొచ్చేదేమీ దొరకలేదని తిరిగివెళ్లి చెప్పుకున్నారు. ఈ సంగతి బయటపడ్డాక కథ తిరగబడింది. ప్రభుత్వం చేసిన ఇలాంటి అక్రమాల కారణంగానే పత్రాలు బయటపెట్టినందుకు ఎల్స్‌బర్గ్ మీద పెట్టిన కేసును 1973 మే 11న జడ్జి కొట్టేశారు. అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు జాన్ ఎర్లిక్‌మన్ ఈ చొరబాటు కుట్రలో దోషిగా తేలారు. ఆ బీరువా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది.

మనసు వైద్యుడి దగ్గర చెప్పుకున్న మాటకు ఎంత విలువ ఉందో, దానికి ఎంత ప్రమాదం పొంచి ఉందో ఆ ఒక్క రాత్రి చాటిచెప్పింది. మాట గాలిలో కలిసిపోతుంది. రాసుకున్న కాగితం మాత్రం మిగిలిపోతుంది. సైకాలజీ వృత్తి చరిత్రలో గోప్యత గురించి జరిగిన పెద్ద గొడవలన్నీ దాదాపు ఆ మిగిలిపోయిన రాతల చుట్టూ తిరిగినవే.

వైద్యుడు రోగి గుట్టు దాచాలన్న నియమం మాత్రం చాలా పాతది. గ్రీకుల హిపోక్రటిస్ ప్రమాణంలో అది ఉంది. మన చరక సంహిత విమానస్థానంలో శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలోనూ ఉంది: రోగి ఇంట్లో కనిపించిన, వినిపించిన విషయాలను వైద్యుడు బయట చెప్పకూడదు. కానీ ఆ కాలపు వైద్యుడు నాడి చూసేవాడు, మందు ఇచ్చేవాడు. రోగి చెప్పే జీవితకథే వైద్యానికి ముడిసరుకు కావడం పందొమ్మిదో శతాబ్దం చివర, వియన్నాలో మొదలైంది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరకు 1900 అక్టోబరులో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకరు వచ్చారు. పదకొండు వారాల తర్వాత, డిసెంబరు 31న, ఇక రానని చెప్పి వెళ్లిపోయారు. ఆ కేసు గురించి ఫ్రాయిడ్ వెంటనే రాసినా, అచ్చుకు ఇచ్చింది 1905లో. ఆమెకు డోరా అని పేరు మార్చారు. సంఘటనలు వియన్నాలో కాక వేరే ఊళ్లో జరిగిన కేసునే ఎంచుకున్నానని, మామూలు పాఠకులు చూడని వైద్య పత్రికకే ఇచ్చానని ముందుమాటలో వివరించుకున్నారు. అయినా ఆయనకు తృప్తి లేదు. శాస్త్రం ముందుకు సాగాలంటే కేసు గురించి రాయాలి. రాస్తే మనిషి గుట్టు రట్టవుతుంది. ఈ చిక్కును ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. పేరు మార్చినంత మాత్రాన ఆ జాగ్రత్త నిలవలేదు కూడా. డోరా అంటే ఆస్ట్రియా సోషలిస్టు నాయకుడు ఒట్టో బావర్ చెల్లెలు ఇడా బావర్ అని తర్వాత లోకానికంతా తెలిసింది. ఫ్రాయిడ్ సహచరుడు జోసెఫ్ బ్రాయర్ వైద్యం చేసిన 'అన్నా ఓ' అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని ఎర్నెస్ట్ జోన్స్ 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్రలో రాసేశారు. ఆమె అప్పటికే కన్నుమూశారు. స్త్రీల హక్కుల కోసం, అనాథ పిల్లల కోసం పనిచేసిన నాయకురాలిగా తనకంటూ పేరు సంపాదించుకున్న మనిషిని మళ్లీ పేషెంటుగా నిలబెట్టారని బాధపడినవాళ్లున్నారు.

ఇదే ఫ్రాయిడ్ 1912లో యువ వైద్యులకు ఇచ్చిన సలహాల్లో ఒకటి ఈనాటికీ పనికొస్తుంది. పేషెంటు మాట్లాడుతుండగా అక్షరం పొల్లుపోకుండా రాసుకోవద్దని ఆయన చెప్పారు. రాత మీద దృష్టి పెడితే వినడం తగ్గుతుందనీ, కొందరు పేషెంట్లకు అది ఇబ్బందిగా ఉంటుందనీ ఆయన ఉద్దేశం. గోప్యత కోసం చెప్పింది కాకపోయినా, తక్కువ రాయడమే మొదటి రక్షణ అని తర్వాతి తరాలు అనుభవం మీద తెలుసుకున్నాయి.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తొలి నీతినియమావళి 1953లో వచ్చింది. నియమావళి వృత్తిలో ఉన్నవాళ్లను కట్టడి చేయగలదు గానీ కోర్టును ఆపలేదు. జోసెఫ్ లిఫ్‌షుట్జ్ అనే కాలిఫోర్నియా సైకియాట్రిస్టు ఒక పాత పేషెంటు గురించి సాక్ష్యం చెప్పనని మొండికేసి కొద్ది రోజులు జైల్లో ఉన్నారు. 1970లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన వాదనను పూర్తిగా ఒప్పుకోలేదు. తన మానసిక స్థితిని పేషెంటే కేసులోకి తెచ్చినప్పుడు దానికి సంబంధించిన వివరాలు అడగవచ్చంది.

ఆ తర్వాత వచ్చిన కేసు ప్రపంచమంతటా సైకాలజీ తరగతుల్లో పాఠమైంది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి భారతదేశం నుంచి వెళ్లిన ఒక విద్యార్థి, ఫలానా అమ్మాయిని చంపుతానని యూనివర్సిటీ ఆస్పత్రి సైకాలజిస్టుతో అన్నాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకు కబురు చేశారు. వాళ్లు అతన్ని ప్రశ్నించి వదిలేశారు. అమ్మాయికి గానీ, ఆమె తల్లిదండ్రులకు గానీ ఎవరూ చెప్పలేదు. 1969 అక్టోబరులో ఆమె హత్యకు గురైంది. ఆమె పేరుతోనే తరాసాఫ్ కేసుగా స్థిరపడిన ఈ వ్యవహారంలో, ఎదుటి మనిషి ప్రాణానికి ముప్పు ఉందని తెలిసినప్పుడు ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టు మీద ఉంటుందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా మంచి సైకాలజిస్టు మొదటి రోజే క్లయింటుకు చెప్పే మాట, 'మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, ప్రాణహాని ఉంటే తప్ప' అన్నది, అక్కడి నుంచే గట్టిపడింది.

గోప్యత వైపు తక్కెడ మొగ్గింది మరో ఇరవై ఏళ్లకు. ఇలినాయ్‌లో మేరీ లూ రెడ్మండ్ అనే పోలీసు అధికారిణి 1991లో విధి నిర్వహణలో ఒక వ్యక్తిని కాల్చి చంపారు. ఆ మానసిక గాయం నుంచి తేరుకోవడానికి ఒక సోషల్ వర్కర్ దగ్గర యాభై దాకా కౌన్సెలింగ్ సెషన్లకు వెళ్లారు. మృతుడి కుటుంబం కోర్టుకెక్కి ఆ నోట్సు కావాలంది. ఇవ్వడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇవ్వలేదు కాబట్టి అందులో ఉన్నది రెడ్మండ్‌కు ప్రతికూలమని అనుకోవచ్చని కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పారు. జ్యూరీ 5,45,000 డాలర్ల పరిహారం విధించింది. చివరికి 1996 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో రెడ్మండ్ పక్షాన నిలిచింది. రేపు కోర్టులో చదువుతారన్న భయం ఉంటే ఎవరూ మనసు విప్పి మాట్లాడరని, అలాంటప్పుడు చికిత్సే సాగదని తీర్పులో రాసింది. 2003 ఏప్రిల్ నుంచి హిపా అనే అమెరికా ఆరోగ్య చట్టం కింద అమలైన ప్రైవసీ నిబంధనలు మరో మెట్టు ఎక్కాయి. రోగనిర్ధారణ, మందులు, సెషన్ వేళలు మామూలు రికార్డులో ఉంటాయి. సెషన్‌లో జరిగిన సంభాషణపై థెరపిస్టు విడిగా దాచుకునే నోట్సును మాత్రం క్లయింటు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప బీమా కంపెనీ కూడా చూడకూడదు.

మనిషి పోయాక ఆ మాటలు ఎవరివి? 1991లో కవయిత్రి ఆన్ సెక్స్టన్ జీవితచరిత్ర వెలువడినప్పుడు ఈ ప్రశ్న రగిలింది. సెషన్లలో మాట్లాడింది ఆమెకు గుర్తుండేది కాదని సైకియాట్రిస్టు మార్టిన్ ఓర్న్ టేపుల్లో రికార్డు చేసేవారు. వాటిని మళ్లీ వినడం ఆమె చికిత్సలో భాగం. 1974లో సెక్స్టన్ చనిపోయారు. మూడు వందల దాకా ఉన్న ఆ టేపులను ఓర్న్ ఆమె కూతురి అనుమతితో జీవితచరిత్ర రచయిత్రి డయాన్ మిడిల్‌బ్రుక్‌కు ఇచ్చారు. వారసులు ఒప్పుకున్నా పేషెంటు నోటితో ఒప్పుకోనప్పుడు ఎలా ఇస్తారని వృత్తిలోని పెద్దలు చాలామంది తప్పుపట్టారు.

బీరువా కాలం పోయి సర్వర్ కాలం వచ్చింది. నష్టం ఎన్ని రెట్లు పెరిగిందో ఫిన్లాండ్ చూపింది. వస్తామో అనే సైకోథెరపీ సంస్థ దేశమంతటా క్లినిక్‌లు నడిపేది. 2018లోనే ఎవరో దాని డేటాబేస్‌లోకి చొరబడ్డారు. 2020 అక్టోబరులో బేరం బయటపడింది: సంస్థ 40 బిట్‌కాయిన్లు ఇవ్వకపోతే రోజుకు కొందరి చొప్పున పేషెంట్ల సెషన్ నోట్సు ఇంటర్నెట్‌లో పెడతానన్నాడు దొంగ. పెట్టాడు కూడా. ఆ తర్వాత పేషెంట్లకే నేరుగా మెయిళ్లు వెళ్లాయి. ఒక్కొక్కరు ఇరవై నాలుగు గంటల్లో 200 యూరోలు కట్టాలి, ఆలస్యమైతే 500. పేరు, చిరునామా, వ్యక్తిగత గుర్తింపు సంఖ్యతో పాటు థెరపిస్టుకు తప్ప ఇంకెవరికీ చెప్పని మాటలు అందులో ఉన్నాయి. దాదాపు 33,000 మంది రికార్డులు దొంగ చేతికి చిక్కాయి. పోలీసులకు 20 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. 2021లో సంస్థ దివాలా తీసింది. డేటా రక్షణలో లోపాలకు 6,08,000 యూరోల జరిమానా పడింది. నిందితుడికి 2024 ఏప్రిల్‌లో కింది కోర్టు ఆరేళ్ల మూడు నెలల జైలు విధించింది. 1971లో ఒక ఫైలు కోసం కిటికీ పగలగొట్టాల్సి వచ్చింది. ఇక్కడ దొంగ ఏ క్లినిక్‌లోనూ అడుగు పెట్టకుండానే వేల మంది గుట్టు ఎత్తుకుపోయాడు.

మన దేశంలో కథ మరోలా నడిచింది. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రోగిని సమాజం నుంచి వేరుచేసి ఉంచడం మీదే దృష్టి పెట్టింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు, బంధువుల అర్జీ, డాక్టర్ల సర్టిఫికెట్లు: రోగి గురించిన కాగితం అంటే సర్కారు కాగితమే. విశాఖపట్నం, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రులు కూడా ఏళ్ల తరబడి ఆ చట్టం కిందే నడిచాయి. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం 1993లో అమలైంది. 2018 మే నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను రోగి హక్కుగా విడమరచి చెప్పింది. సెక్షన్ 23 ప్రకారం వైద్య సిబ్బంది రోగి సమాచారాన్ని బయటపెట్టకూడదు. రోగి నియమించుకున్న ప్రతినిధికి, చికిత్స చేసే ఇతర నిపుణులకు చెప్పవచ్చు. ప్రాణహాని తప్పించడానికి, కోర్టు లేదా మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ఆదేశించినప్పుడు అవసరమైనంత మేరకే చెప్పవచ్చు. సెక్షన్ 24 ప్రకారం రోగి ఒప్పుకోకుండా ఫొటో గానీ వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదు. సెక్షన్ 25 తన రికార్డు చూసుకునే హక్కు రోగికి ఇచ్చింది. చట్టాన్ని మీరితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అయితే రెండు చోట్ల ఖాళీ అలాగే ఉంది. మొదటిది కోర్టు. 1872 నాటి సాక్ష్య చట్టం లాయరుకు క్లయింటు చెప్పిన మాటను కాపాడింది. డాక్టరుకు చెప్పిన మాటను కాపాడలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అంతే. విడాకుల కేసుల్లో, పిల్లల సంరక్షణ కేసుల్లో కౌన్సెలింగ్ నోట్సు కావాలని అడిగితే, రెడ్మండ్‌కు దొరికినటువంటి రక్షణ మన చట్టంలో లేదు. రెండోది డేటా. 2011 ఐటీ నిబంధనలు మానసిక ఆరోగ్య వివరాలను ప్రత్యేకంగా సున్నితమైన సమాచారం అన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ విభజనే తీసేసింది. రక్షణలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది గానీ, ఫోన్ నంబరుకూ మనసు లోతుల్లోని మాటకూ తేడా చూపలేదు.

చట్టంకన్నా ముందు ఇంట్లో గట్టిపడాల్సిన అలవాటు ఒకటుంది. మన ఊళ్లలో కౌన్సెలింగ్‌కు మనిషి ఒంటరిగా రావడం తక్కువ. అమ్మ వెంట వస్తుంది, అన్న బయట కూర్చుంటాడు. సెషన్ అయిన సాయంత్రమే ఫోన్ వస్తుంది: 'మేడమ్, మావాడు ఏం చెప్పాడండీ?' అడిగేది ప్రేమతోనే. అయినా జవాబు చెప్పిన సైకాలజిస్టు దగ్గర ఆ అబ్బాయి రెండోసారి మనసు విప్పడు. సంబంధం చూసేవాళ్లకు తెలుస్తుందేమోనని, ఆఫీసులో పొక్కుతుందేమోనని భయపడి అసలు క్లినిక్ గడపే తొక్కనివాళ్లు మన మధ్య ఎంతోమంది ఉన్నారు.

అందుకే సైకాలజిస్టులు అవసరమైనంత వరకే రాయాలి, సెషన్ నోట్సును బిల్లుల నుంచీ రిపోర్టుల నుంచీ వేరుగా తాళం వేసి ఉంచాలి, వాట్సాప్‌లో కేసు వివరాలు పంపడం మానాలి. కౌన్సెలింగ్‌కు వెళ్లేవాళ్లు మొదటి రోజే నిస్సంకోచంగా అడగాలి: ఏం రాస్తారు, ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు? సూటిగా జవాబు చెప్పలేని చోట మనసు విప్పకండి. మన శాసనకర్తలు కూడా లాయరుకు ఇచ్చిన రక్షణను మనసు వైద్యుడికీ ఇవ్వాలి. మనకంటూ ఒక వస్తామో జరిగేదాకా ఆగకూడదు.