చల్లగా ఉన్నా ఎండ ఎండే: ధ్రువ సముద్రాల్లో అతినీలలోహిత కిరణాల కొలత



"మన ఆనేకల్‌లో చల్లగానే ఉంటుంది కదా సార్, పిల్లలకు టోపీ ఎందుకు?" అని కొందరు అడుగుతుంటారు. ఎండలోని వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది. ఈ కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. కొలిస్తేనే తెలుస్తాయి. మంచు ఖండం అంటార్కిటికాయే ఇందుకు ఉదాహరణ.

ఎందుకు కొలుస్తారు?
280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను యూవీ-బి అంటారు. ఇవి జీవకణాలకు హాని చేస్తాయి. వీటిలో చాలావరకు ఓజోన్ పొర ఆపేస్తుంది. అంటార్కిటికా మీద వసంతంలో, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, ఆ పొర బాగా పలచబడుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో వెల్లడించారు. అక్కడున్న మన మైత్రి స్థావరంలో కూడా ఓజోన్‌ను కొలిచారు.

నీటిలో ఎలా కొలుస్తారు?
స్పెక్ట్రోరేడియోమీటర్ అనే పరికరం కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి కొలుస్తుంది. దాన్ని కేబుల్‌తో, ఓడ నీడ పడకుండా, సముద్రంలోకి దించుతారు. నీటిపైన ఎంత కాంతి ఉంది, ఒక్కో లోతులో ఎంత మిగిలింది అని పోల్చుతారు. మట్టి, కుళ్లిన ఆకుల రంగు కలిసిన నీటిలో ఈ కిరణాలు త్వరగా ఆగిపోతాయి. తేట నీటిలో లోతుకు పోతాయి.

1990లో అమెరికన్ పరిశోధకులు ఓడలో వెళ్లి బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో ఇలా కొలిచారు. యూవీ-బి 60 మీటర్ల లోతులో కూడా కనబడింది. ఓజోన్ పలచబడిన చోట వృక్షప్లవకాల ఉత్పత్తి కనీసం 6 నుంచి 12 శాతం తగ్గిందని లెక్కతేలింది. ఈ సూక్ష్మ మొక్కలను క్రిల్ తింటుంది, క్రిల్‌ను పెంగ్విన్లు, తిమింగలాలు తింటాయి. కింది మెట్టు దెబ్బతింటే పైవాటికీ తిండి తగ్గుతుంది.

మనకేమిటి?
మన ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకు దగ్గరగా ఉంది. గాలి చల్లగా ఉన్నా మధ్యాహ్నం ఈ కిరణాలు బలంగానే పడతాయి. యూవీ సూచిక 3 దాటితే జాగ్రత్త అవసరం, 8 దాటితే చాలా ఎక్కువ అని అర్థం.

పిల్లలూ, పరికరం లేకపోయినా ఒక గుర్తు ఉంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ బలంగా ఉన్నట్టే. అప్పుడు టోపీ పెట్టుకోండి, నీడలో ఆడుకోండి. సూర్యుడి వైపు నేరుగా మాత్రం చూడకండి.